గొల్లమెట్ట జపోటెక్కులు

గిరిసీమ హస్తకళల ఉద్ధరణ సంస్థకు గొల్లమెట్ట నేత కేంద్రం మొదటి నుంచీ తలనొప్పిగానే ఉండేది. కారణం, అక్కడ మగ్గాలు ఆడుతూ ఉండేవి. శ్రీకాకుళం ఏజెన్సీలో కొండ మలుపు దగ్గర ఒక రేకుల షెడ్డు, అందులో పన్నెండు మగ్గాలు. పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దున్నే క్యారేజీలు పట్టుకుని వచ్చి, రోజంతా నేసి, పొద్దు వాలేసరికి ఇళ్ళకు పోయేవాళ్ళు. నేసిన తువ్వాళ్ళూ దుప్పట్లూ చుట్టుపక్కల సంతల్లోనూ విశాఖపట్నం దుకాణాల్లోనూ అమ్ముడైపోయేవి. ఉద్ధరించడానికి సందు దొరక్క విజయవాడలోని ప్రధాన కార్యాలయం చాలా ఇబ్బంది పడేది.

చివరికి ఆ ఏటి సమీక్షలో, "సదరు కేంద్రం బట్ట తప్ప మరేమీ ఉత్పత్తి చేయుట లేదు" అని తేల్చి, మూసివేతకు సిఫారసు చేశారు.

ఆ మాట వినగానే కేంద్రం మేనేజరు దమయంతికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ పన్నెండు మందినీ ఊరూరా, ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది తనే. మొగుళ్ళతో వాదించింది, అత్తలను బతిమాలింది. అందరికంటే ముందు వచ్చిన అసిరమ్మ, "నానొచ్చేసినాను గదా, ఇంక మీకేటి బెంగ?" అంటూ గుమ్మం పక్క మగ్గం మీద కూర్చుంది. అప్పటి నుంచి ఆ మగ్గాన్ని ఇంకొకరి చెయ్యి తగలనివ్వలేదు. షెడ్డు మూస్తే అసిరమ్మతో సహా అందరూ జీడితోటల్లో కూలికి పోవలసిందే.

సరిగ్గా అప్పుడే సంస్థ ఎండీ సర్వోత్తమరావు గారు మెక్సికో నుంచి తిరిగొచ్చారు.

ఆయన వెళ్ళింది అధ్యయన యాత్రకు. అక్కడ ఓహాకా అనే ప్రాంతంలో పట్నపు జనం గుంపులు గుంపులుగా కొండలెక్కి పుట్టగొడుగులు ఏరుకోవడం, ఆకులూ బెరళ్ళూ ఉడకబెట్టి ఉన్నికి రంగులద్దడం, జపోటెక్కులనే అక్కడి ఆదివాసుల పక్కన కూర్చుని నేత నేర్చుకోవడం కళ్ళారా చూశారు. చూడటమే కాదు, రుసుము కట్టి తాను కూడా ఒక పుట్టగొడుగు ఏరారు. దాంతో ఆయన మనిషే మారిపోయారు. వచ్చీ రాగానే అన్ని కేంద్రాల మేనేజర్లనూ వీడియోలోకి పిలిచారు.

"బట్ట ఎవరైనా నేస్తారు, దమయంతి గారూ," అన్నారు. "మిల్లులు కూడా నేస్తున్నాయి. నేతలోని అనుభవాన్ని నేసేవాళ్ళేరీ?"

దమయంతి తల ఊపింది. తల ఊపితే ఉద్యోగం ఉంటుందని ఆవిడకు అనుభవం.

"పుట్టగొడుగుల ఏరివేత, సహజ రంగుల అద్దకం, జపోటెక్ నేత. ఈ మూడింటినీ సమ్మిళితం చేసి త్రివిధ అనుభవ యాత్ర నిర్వహించబోతున్నాం. వేదిక గొల్లమెట్ట. యాత్ర జయప్రదమైన పక్షంలో మీ కేంద్రం మూసివేత పునఃపరిశీలించబడుతుంది."

దమయంతికి ప్రాణం లేచొచ్చింది. "ఎప్పుడు పెట్టుకుందాం సార్?"

"మార్చి నెలాఖరులోగా. లేకపోతే నిధులు మురిగిపోతాయి."

"సార్, పుట్టగొడుగులు వానలు పడ్డాక మొలుస్తాయండి. మార్చిలో ఇక్కడ కొండలు ఎండిపోయి..."

ఎండీ గారు ఆవిడ వైపు జాలిగా చూశారు. "ఆర్థిక సంవత్సరం సంగతి పుట్టగొడుగులకు తెలియకపోవచ్చు, దమయంతి గారూ. మీకు తెలియాలి కదా?"

అడవిలో ఏదైనా ఏరాలంటే అటవీశాఖ అనుమతి కావాలి కాబట్టి, దమయంతి మర్నాడే రేంజి ఆఫీసుకు వెళ్ళింది. రేంజి ఆఫీసరు పాణిగ్రాహి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, ఆ తర్వాతే కుదరదన్నాడు.

"అటవీ ఉత్పత్తుల జాబితాలో చింతపండు ఉందమ్మా. ఉసిరి ఉంది, కరక్కాయ ఉంది, చీపుళ్ళున్నాయి. పుట్టగొడుగు లేదు. జాబితాలో లేనిది మా అడవిలో ఉండటానికి వీల్లేదు. లేనిదాన్ని ఏరుకోమని నేనెలా అనుమతి ఇస్తాను?"

"ఎలాగూ లేవండి. బయటి నుంచి తెచ్చి అక్కడక్కడా గుచ్చి పెడదామనుకుంటున్నాం. వచ్చినవాళ్ళు ఏరుకుంటారు."

పాణిగ్రాహి ముఖం వెలిగిపోయింది. "గుచ్చడమంటే నాటడమే కదమ్మా! నాటడానికి అనుమతే అక్కర్లేదు. మాకు ఈ ఏడు మొక్కలు నాటే లక్ష్యం సగం కూడా పూర్తి కాలేదు. ఎన్ని నాటుతారు?"

"ఒక మూడొందలు."

"ఐదొందలు చెయ్యండి. మా ఖాతాలో రాసుకుంటాం."

ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అని ఆశ్చర్యపోతూ దమయంతి గుమ్మం దాటబోతుంటే, ఆయన వెనక్కి పిలిచాడు.

"ఒక్క మాటమ్మా. నాటినవాటిని పీకడం నేరం."

"మరి ఏరేదెలాగండీ?"

"ఏరండి. ఏరిన చోటే తిరిగి నాటండి. నాటినవాటిలో నూటికి ఎనభై బతికి ఉండాలని నిబంధన. నేనే తనిఖీకి వస్తాను."

"కొమ్మ నుంచి తెంపిన పువ్వులాంటిది కదండీ, పుట్టగొడుగు బతకడమేమిటి?"

"నిలబడి ఉంటే చాలమ్మా," అన్నాడు పాణిగ్రాహి దయగా. "మా శాఖలో నిలబడి ఉన్నదాన్ని బతికి ఉన్నట్టుగానే పరిగణిస్తాం."

విశాఖపట్నం నుంచి డబ్బాల్లో తెల్లటి బటన్ పుట్టగొడుగులు తెప్పించే ఏర్పాటు జరిగింది. ఇంతలో ప్రధాన కార్యాలయం నుంచి ఇంకో ఉత్తర్వు దిగింది. "ఏరబోవు ప్రతి పుట్టగొడుగు విషరహితమని ముందస్తుగా ధ్రువీకరించబడవలెను." దమయంతి ఒక డబ్బా పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి డాక్టరు ఒక పుట్టగొడుగును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో విషం లేదని ఇప్పుడే చెప్పలేను. ఎవరైనా తిని, ఒక పూట గడిచాక బాగుంటే అప్పుడు రాసిస్తాను."

"తినేశాక ఇంక ఏం మిగులుతుందండీ?"

"ధ్రువపత్రం మిగులుతుంది," అన్నాడు డాక్టరు.

తిన్నవాటికే పత్రం వస్తుంది, పత్రం ఉన్నవాటినే ఏరాలి. దమయంతి రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, ప్రతి డబ్బాలోంచి ఒకటి తీసి వండి డాక్టరుకే క్యారేజీలో పంపింది. ఆయనకు కూర నచ్చింది. మర్నాడు హుషారుగా లేచి, మిగిలిన వాటన్నిటి నెత్తినా "పరీక్షించబడినది" అని ఊదారంగు ముద్ర కొట్టించాడు.

రంగుల సంగతి మరోలా నడిచింది. షెడ్డులో ఆడవాళ్ళు మోదుగపూలూ కరక్కాయలూ ఉడకబెట్టి నాలుగు నూలు చిలపలు అద్ది నమూనాగా పంపితే, సహజ రంగుల ఏకరూపతా ఉపసంఘం వాటిని తిప్పి పంపింది. "ఒక చిలపలో పసుపు ఎక్కువగాను, మరొక చిలపలో తక్కువగాను ఉన్నది. ఈ విషయమై ప్రకృతి తగు శ్రద్ధ వహించవలెను" అని కింద రాశారు. ప్రకృతి తరఫున జవాబు చెప్పే అధికారి ఎవరూ లేకపోవడంతో, ఉపసంఘమే టెండరు పిలిచి సీలు వేసిన డబ్బాల్లో సహజ రంగు పంపింది. మూత తీస్తే కిరసనాయిలు వాసన కొట్టింది. ఫొటోల్లో బాగుంటుందని పైన గుప్పెడు మోదుగపూలు చల్లమన్నారు.

అసలు చిక్కు జపోటెక్ దగ్గర వచ్చింది.

ఓహాకా నుంచి దోన్య ఎలోదియా అనే నేతగత్తెను ఎండీ గారే స్వయంగా ఆహ్వానించారు. కరపత్రాల మీద ఆవిడ పేరు లేదు గానీ, "జపోటెక్ కళాకారిణిచే ప్రత్యక్ష నేత" అని పెద్దక్షరాలతో వేయించారు. విశాఖపట్నంలో బస్సు నిండిపోయింది. తీరా చూస్తే ఆవిడకు వీసా రాలేదు. దమయంతి భయపడుతూ ఫోను చేసింది.

"అయితే ఏమైంది?" అన్నారు ఎండీ గారు. "మంజూరైన పోస్టును ఖాళీగా ఉంచకూడదు. స్థానికంగా ఒక జపోటెక్‌ను తాత్కాలిక ప్రాతిపదికన తీసుకోండి. ఔట్‌సోర్సింగ్‌లో."

"సార్, స్థానికంగా జపోటెక్కులు ఉండరండి."

"ప్రకటన ఇచ్చారా? ఇవ్వకుండా లేరని ఎలా నిర్ధారించారు? తహసీల్దారు నుంచి కుల ధ్రువీకరణ పత్రం మాత్రం తప్పనిసరి. లేకపోతే ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు."

ఆ సాయంత్రం దమయంతి అసిరమ్మ మగ్గం పక్కన గట్టు మీద కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు నూలు కండెలు సర్దింది.

"ఏటమ్మా, సెప్పండి. షెడ్డు మూసేత్తన్నారేటి?"

"అది కాదు. నువ్వు ఒక రోజు జపోటెక్‌గా ఉండాలి."

"అదేటది?"

"మెక్సికోలో ఉంటారు. మనలాగే మగ్గాలు. ఉన్నితో తివాచీలు నేస్తారు."

పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను అసిరమ్మ ఆపలేదు. "నేతోళ్ళేనా? మరింకేటి, మనోళ్ళే."

"అబద్ధం కదా అసిరమ్మా. నాకేం బాగాలేదు."

"అమ్మా, షెడ్డుండాలా, పోవాలా? నాను జపోటెక్కైతే షెడ్డుంతాదంటే, ఒక్కరోజేటి, ఏడాదంతా ఉంతాను. మా తోటికోడలు కూడా ఉంతాది. అడగమంటారా?"

"ఒక్కటే పోస్టు," అంది దమయంతి.

తహసీల్దారు కంప్యూటరులో "జ" అక్షరం కింద అలాంటి పేరేదీ కనబడలేదు. గుమాస్తా "ఇతరులు" అని నొక్కి, పక్కన కామా పెట్టి, జపోటెక్ అని కొట్టాడు. పత్రం ఏప్రిల్ నుంచి చెల్లదని కింద గమనిక ఉంది. అసిరమ్మ వేలిముద్ర వేయబోతూ ఆగి, సంతకం చేసింది. పెద్ద పోస్టు కదా అనుకుంది.

యాత్ర రోజు తెల్లవారుతూనే దమయంతీ, పన్నెండు మంది ఆడవాళ్ళూ ఎండిన కొండవాలు మీద వరసగా కూర్చుని ఐదొందల పుట్టగొడుగులు నాటారు. నేల రాయిలా ఉంది. పుట్టగొడుగులు నిలబడటం లేదు. చీపురు పుల్లలు విరిచి గుచ్చితే నిలబడ్డాయి. పాణిగ్రాహి వచ్చి, కొండవాలంతా ఒకసారి కలయజూసి, "మా రేంజిలో ఇంత పచ్చదనం ఎప్పుడూ చూడలేదు," అన్నాడు. పుట్టగొడుగులు తెల్లగా ఉన్నాయని ఎవరూ అనలేదు.

ఎండ ముదిరేలోపే బస్సు వచ్చింది. దిగినవాళ్ళందరి మెడల్లోనూ "సందర్శకులు" అనే బిళ్ళలు వేసి, చేతికో బుట్ట ఇచ్చారు. ఎండీ గారు మైకులో ప్రకృతిలో మమేకం కమ్మన్నారు. జనం మమేకమై, ఊదా ముద్రల పుట్టగొడుగులను ఏరి, ఫొటోలు దిగి, మళ్ళీ చీపురు పుల్లలకు గుచ్చడం మొదలుపెట్టారు. విశ్రాంత బ్యాంకు మేనేజరు భానోజీరావు గారు మాత్రం ఒప్పుకోలేదు.

"నేను ఏరాను. ఇది నాది. రాత్రికి పులుసు పెట్టించుకుంటాను."

"అది ప్రభుత్వ వృక్షసంపదండీ," అన్నాడు పాణిగ్రాహి.

"దీని కింద ధర చీటీ కూడా ఉంది. సూపర్ మార్కెట్ పేరు కనబడుతోంది."

 ఎండీ గారు తొణకలేదు. "చూశారా, ఎంత నిశితమైన పరిశీలన! ఇలాంటివారే అడవికి కావాలి," అంటూ భానోజీరావు గారికి అక్కడికక్కడే వృక్షమిత్ర అని బిరుదిచ్చి శాలువా కప్పారు. శాలువా కప్పుకున్న మనిషి అడవిలోంచి దొంగతనం చేయలేడు. ఆయన పుట్టగొడుగును జాగ్రత్తగా నాటి, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

అద్దకం కూడా బాగానే జరిగింది. అందరి రుమాళ్ళూ ఒకే పసుపు రంగులో తేలాయి. చేతులు కూడా అదే రంగులో తేలాయి. అవి వారం దాకా పోలేదని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం షెడ్డులో నేత. మిగిలిన పదకొండు మందినీ వెనక గోడ దగ్గర నిలబెట్టి, అసిరమ్మ ఒక్కదాన్నే మగ్గం మీద కూర్చోబెట్టారు. తలలో రంగు రిబ్బన్లు, నడుముకు ఎర్ర పట్టీ. ఆవిడ నేసేది మాత్రం రోజూ నేసే గళ్ళ తువ్వాలే. ఎండీ గారు మైకు పట్టుకుని, "ఈ గళ్ళలో వేల ఏళ్ళ జపోటెక్ విశ్వ దర్శనం నిక్షిప్తమై ఉంది," అంటుండగా, బయట టాక్సీ ఆగింది.

అందులోంచి పొట్టిగా, గట్టిగా ఉన్న ఒక పెద్దావిడ దిగింది. రెండు జడలు వెనక ముడివేసి ఉన్నాయి. వెంట ఇంగ్లీషు వచ్చిన మేనకోడలు లూస్ ఉంది. ఆవిడే దోన్య ఎలోదియా. వీసా ఆఖరి నిమిషంలో వచ్చిందట. పిలిచినవాళ్ళు ఎదురుచూస్తుంటారని మూడు విమానాలు మారి, కొండదారిలో రెండుసార్లు వాంతి చేసుకుని మరీ వచ్చింది.

దమయంతి పరిగెత్తుకుంటూ వెళ్ళి ఎండీ గారి చెవిలో చెప్పింది. ఆయన ముఖం ఒక్క క్షణం విప్పారి, వెంటనే ముడుచుకుపోయింది.

"ఇప్పుడెలా? పోస్టు భర్తీ అయిపోయింది. ఒకే పోస్టులో ఇద్దరు జపోటెక్కులుంటే ఆడిట్‌కు ఏం చెప్పాలి?"

"సార్, అసలు జపోటెక్ ఈవిడండి!"

"అసలు అనడానికి ఈవిడ దగ్గర పత్రం ఉందా?"

ఎలోదియా దగ్గర పాస్‌పోర్టు ఉంది. అందులో మెక్సికో అని ఉంది గానీ జపోటెక్ అని లేదు. అసిరమ్మ పత్రంలో ఉంది. కామా తర్వాత.

"సందర్శకురాలిగా నమోదు చేసి లోపల కూర్చోబెట్టండి," అన్నారు ఎండీ గారు. "నేర్చుకుంటుంది."

దమయంతికి తల ఎత్తబుద్ధి కాలేదు. సందర్శకుల బిళ్ళను ఎలోదియా మెడలో వేసింది. ఏం జరుగుతోందో లూస్‌కు దాచకుండా చెప్పేసింది. అసిరమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వచ్చినావిడ చేతుల వైపూ, తన రిబ్బన్ల వైపూ చూసుకుని, మగ్గం దిగిపోయింది.

"ఈయమ్మ పేరు మీద నాను కూకున్నానా? రామ్మా, రా. నువ్వు కూకో. ఇది నీ సోటు."

"కూర్చోండి!" అన్నారు ఎండీ గారు మైకు పక్కకు తిప్పి, పళ్ళ మధ్య నుంచి. "ప్రదర్శన మధ్యలో జపోటెక్ లేవకూడదు!"

అసిరమ్మ కూర్చుంది గానీ ముఖం కందగడ్డలా అయింది. లూస్ తన మేనత్త చెవిలో అంతా చెప్పింది. ఎలోదియా కోప్పడుతుందని దమయంతి బిక్కచచ్చిపోయి చూస్తోంది. ఆవిడ ముందు కళ్ళు పెద్దవి చేసింది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. నవ్వు ఆగాక ఏదో గబగబా చెప్పింది.

లూస్ చెప్పిన ఇంగ్లీషును దమయంతి అసిరమ్మకు తెలుగులో చెప్పింది. "వాళ్ళ ఊళ్ళో కూడా ఇంతేనట. బస్సు వస్తోందంటే మామూలు బట్టలు విప్పేసి, ముసలమ్మల కాలం నాటి పావడాలు కట్టుకుంటారట. ఫోన్లు దాచేస్తారట. ఒకసారి మనుషులు చాలకపోతే ఈవిడ మరిదిని రోజంతా ఉన్ని వడుకుతున్నట్టు కూర్చోబెట్టారట. అతను ఆ బస్సు డ్రైవరేనట."

అసిరమ్మ పకపకా నవ్వింది. రిబ్బను ఒకటి ఊడి పడింది. "అయితే నిజంగా మనోళ్ళే," అంది.

సందర్శకులు మగ్గాలు ముట్టుకోవచ్చని కరపత్రంలో ఉంది కాబట్టి, ఎలోదియా తిన్నగా వెళ్ళి అసిరమ్మ పక్క మగ్గం మీద కూర్చుంది. నూలును వేళ్ళతో నలిపి చూసింది. కాసేపు కాళ్ళ కింది తొక్కుళ్ళతో తంటాలు పడింది. పోగు తెగితే అసిరమ్మ వంగి ముడివేసింది. తర్వాత ఇద్దరూ ఎవరినీ పట్టించుకోకుండా సాయంత్రం దాకా నేశారు. వెనక గోడ దగ్గర నిలబడ్డ పదకొండు మందిలో ఒకామె మగ్గం మీద చెయ్యి వేయబోతే ఆఫీసువాళ్ళు అదిలించారు. ఎలోదియాను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పైగా కొబ్బరి నీళ్ళు తెచ్చిచ్చారు. దమయంతి అది చూస్తూ నిలబడింది.

ముగింపు సభలో "జపోటెక్ నేతలో ప్రాథమిక శిక్షణ" పూర్తి చేసినందుకు దోన్య ఎలోదియాకు యోగ్యతా పత్రం ఇచ్చారు. "ఈ సందర్శకురాలు ఒక్క పూటలో ఎంత పట్టుకుందో చూడండి! ఇదీ మన శిక్షణ," అన్నారు ఎండీ గారు. ఆవిడ పత్రాన్ని మడిచి రవికలో పెట్టుకుని, వెళ్ళే ముందు అసిరమ్మను గట్టిగా కావలించుకుంది.

యాత్ర ఘనవిజయమని పత్రికల్లో వచ్చింది. కేంద్రం మూసివేత రద్దయింది. దమయంతి షెడ్డులో అందరికీ మైసూరుపాకు పంచింది. ఆ మర్నాడే అసలు ఉత్తర్వు వచ్చింది. గొల్లమెట్ట ఇకపై నేత కేంద్రం కాదు, నేత అనుభవ కేంద్రం. "రోజువారీ నేత పని వలన నేత అనుభవమునకు అంతరాయము కలుగుచున్నందున, పని చేయువారిని తక్షణమే విధుల నుండి తప్పించి, మగ్గములను సందర్శకులకు మాత్రమే కేటాయించవలెను."

దమయంతి ఎండీ గారికి ఫోను చేసి, కోపం దిగమింగుకుంటూ అడిగింది. "సార్, కేంద్రం నిలబడిందన్నారు!"

"నిలబడింది కదమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. "షెడ్డు ఉంది. మగ్గాలున్నాయి. మీరున్నారు. ఇంకేం కావాలి?"

పన్నెండు మందీ షెడ్డు అరుగు మీద కూర్చుని విన్నారు. ఎవరూ ఏడవలేదు. ఒకామె తన కండెల బుట్ట తీసుకెళ్ళవచ్చా అని అడిగింది.  

"మీరేటి సేత్తారమ్మా," అంది అసిరమ్మ. "జీడితోట మేస్త్రీకి కబురెట్టినాను. సోమారం రమ్మన్నాడు."

దమయంతి ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. ఇన్నాళ్ళూ ప్రధాన కార్యాలయం చెప్పిందల్లా చేసింది. చీపురు పుల్లల మీద పుట్టగొడుగులు నిలబెట్టింది. కిరసనాయిలు రంగు మీద పూలు చల్లింది. ఇంటికొచ్చిన అతిథి మెడలో బిళ్ళ వేసి అవమానించింది. ఇదంతా ఎవరి కోసం చేసిందో వాళ్ళే ఇప్పుడు అరుగు మీద ఉన్నారు. కంచం పక్కకు నెట్టి, ఆ ఉత్తర్వును మళ్ళీ చదివింది. యాత్ర నిబంధనలు కూడా తీసి చదివింది. చదువుతూ చదువుతూ నిటారుగా కూర్చుంది. తర్వాత కంచం మళ్ళీ దగ్గరకు లాక్కుంది.

సోమవారం పొద్దున్నే మనిషిని పంపి పన్నెండు మందినీ పిలిపించింది. షెడ్డు తాళం తీసి, ఒక్కొక్కరి మెడలో సందర్శకుల బిళ్ళ వేసింది.

"రండి. గొల్లమెట్ట నేత అనుభవ కేంద్రానికి స్వాగతం."

"ఏటమ్మా ఇది? మీకు బాగానే ఉన్నాదా?" అంది అసిరమ్మ కంగారుగా.

"బాగానే ఉంది. పనిచేసేవాళ్ళు మగ్గం ముట్టుకోకూడదు. సందర్శకులు ముట్టుకోవచ్చు. స్థానిక మహిళలకు ప్రవేశ రుసుము లేదని నిబంధనల్లో ఆఫీసువాళ్ళే రాశారు. ఎవరూ రారనే ధైర్యంతో రాసి ఉంటారు."

"మరి నూలో?"

"నూలు అనుభవ సామగ్రి. సంస్థే ఇవ్వాలి."

"నేసిన తువ్వాలు?"

"సందర్శకులు నేసింది సందర్శకులదే. జ్ఞాపికగా ఇంటికి తీసుకెళ్ళాలి. సంతలో అమ్ముకోకూడదని ఎక్కడా లేదు."

పన్నెండు మందీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ బట్ట సంస్థది, కూలి వాళ్ళది. ఇప్పుడు బట్టే వాళ్ళది.

"మద్దేన్నం బువ్వ కూడా ఎడతారా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఎడతారు," అంది దమయంతి. "అరటికాయ వేపుడు, పెరుగు. కరపత్రంలో ఉంది."

అసిరమ్మ తన మగ్గం దగ్గరకు నడిచి, బిళ్ళను వీపు మీదికి తోసుకుని కూర్చుంది.

గొల్లమెట్టకు సందర్శకుల తాకిడి చూసి ప్రధాన కార్యాలయం దిగ్భ్రాంతి చెందింది. ఆదివారం తప్ప ఒక్కరోజూ ఖాళీ లేదు. ఎండను లెక్కచేయరు, వానకు ఆగరు. వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. మిగతా కేంద్రాల మేనేజర్లకు సంజాయిషీ నోటీసులు వెళ్ళాయి. శ్రావణంలో సర్వోత్తమరావు గారు నలుగురు అధికారులను వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు.

షెడ్డులో పన్నెండు మగ్గాలూ టకటకలాడుతున్నాయి. ఎవరూ తలెత్తి చూడలేదు. దమయంతి గొడుగు మూసి గుమ్మం దగ్గర నిలబడింది.  ఎండీ గారు వరసల మధ్య నెమ్మదిగా నడుస్తూ వచ్చి, మొదటి మగ్గం దగ్గర ఆగారు.

"మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందమ్మా."

"మెక్సికోలోనేమో బాబూ," అంది అసిరమ్మ.

"అయ్యుంటుంది," అన్నారాయన ఆలోచిస్తూ. "అనుభవం ఎలా ఉంది? లోటుపాట్లేమైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి."

"అంతా బాగానే ఉన్నాది బాబూ. కాకపోతే, నేసీటప్పుడు మాటాడించకండి. పోగు తెగిపోతాది."

సర్వోత్తమరావు గారు నిలువెల్లా పులకించిపోయారు. అధికారుల వైపు తిరిగి, వేలు పెదాల మీద పెట్టుకుని, "చూశారా ఎంత లీనమైపోయారో! అనుభవమంటే ఇదీ," అని గుసగుసగా చెప్పారు. ఐదుగురూ బూట్లు చప్పుడు కాకుండా, ఒకరి వెనక ఒకరు మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

దమయంతి వాళ్ళ వెనకే తలుపు దగ్గరకు వేసి, వాన జల్లు లోపలికి కొట్టకుండా గడియ పెట్టింది.